పాత అమెరికా పిల్లల చిత్తరువులు: చదునైన ముఖాలు, ఎర్ర గౌన్లు, చుట్టూ అల్లుకున్న కథలు

ముదురు నేపథ్యం ముందు ఎర్ర గౌను వేసుకున్న ఓ పాప కూర్చుని ఉంటుంది. ఒళ్లో తెల్ల పిల్లి, కాళ్ల దగ్గర కుక్క, మెడలో పగడాలు. చూపు సూటిగా మన మీదే. గౌను మీద నీడలు దాదాపు ఉండవు, వెనక గది ఉన్న జాడ ఉండదు. అమ్మీ ఫిలిప్స్ అనే చిత్రకారుడు 1830–1835 మధ్య వేసిన ఈ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. 1998లో అమెరికా తపాలా శాఖ దీన్ని స్టాంపు మీద కూడా అచ్చు వేసింది.

ఇలాంటి బొమ్మలు సోషల్ మీడియాలో తరచూ తిరుగుతుంటాయి. వాటితో పాటు మూడు మాటలూ తిరుగుతాయి. వేసినవాళ్లకు బొమ్మలు వేయడం రాదని ఒకటి. ఒళ్లు ముందే గీసి పెట్టుకుని, గిరాకీ దొరికాక తల మాత్రం వేసేవారని రెండోది. ఇవన్నీ చనిపోయిన పిల్లల బొమ్మలని మూడోది. మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండోదానికి ఆధారం లేదు. మూడోది కొన్ని బొమ్మల విషయంలో నిజమే, ఎక్కువ వాటి విషయంలో కాదు. బోస్టన్‌లోనో వాషింగ్టన్‌లోనో ఉంటున్న మనవాళ్లు మ్యూజియాలకు వెళ్లినప్పుడు వీటి ముందు ఆగి "ఇదేంటి, ఇలా వేశారు?" అనుకోవడం సహజం. ఆ ప్రశ్నకు నిజమైన జవాబులున్నాయి. కాకపోతే అవి ఒక్క వాక్యంలో తేలేవి కావు.

ఏ కాలం బొమ్మలు, ఎవరి ఇళ్లలోవి

అమెరికాలో మిగిలిన పిల్లల చిత్తరువుల్లో బాగా పాతవి 1660ల, 1670ల నాటివి, ఎక్కువగా బోస్టన్ ప్రాంతానివి. అసలు జోరు మాత్రం 1780 నుంచి 1850 దాకా సాగింది. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాల్లో చేతిలో కాస్త డబ్బు ఆడే కుటుంబాలు పెరిగాయి. వ్యాపారులు, ఓడ కెప్టెన్లు, సత్రాలు నడిపేవాళ్లు, మిగులు పంట ఉన్న రైతులు, ఊరి పాస్టర్లు. అంతకుముందు బొమ్మ వేయించుకోవడం గవర్నర్లకు, పెద్ద భూస్వాములకు, సంపన్న వర్తకులకు మాత్రమే కుదిరేది. ఇప్పుడు ఊళ్లో టోపీలు చేసే ఆయన కూడా తన పిల్లల బొమ్మ గోడకు తగిలించుకోగలిగాడు. కెమెరా ఇంకా రాలేదు. బిడ్డ ముఖం దాచుకోవాలంటే కుంచె పట్టినవాడే దిక్కు.

ఆ కుంచె పట్టినవాళ్లలో రెండు రకాలు. ఒకరు యూరప్ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు. వెలుగునీడలు, దూరాన్ని చూపే కొలతలు, శరీర నిర్మాణం గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు. కళా పండితులు దీన్ని అకడమిక్ పద్ధతి అంటారు. ఇంకొకరు సొంతంగానో, కొద్ది నెలలు ఎవరి దగ్గరో చూసో నేర్చుకున్నవాళ్లు. అమెరికాలో కళ నేర్పే సంస్థలు ఆ రోజుల్లో చాలా తక్కువ. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా అకాడమీ మొదలైందే 1805లో. బోస్టన్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న జాన్ సింగిల్టన్ కోప్లీ కూడా 1774లో దేశం విడిచి యూరప్ దారి పట్టాడు. మన విషయం రెండో రకం చిత్రకారులది. అప్పట్లో వాళ్లను లిమ్నర్లు అనేవారు. అంటే మనుషుల పోలికలు దించేవాళ్లని.

వీళ్లలో చాలామందికి ఇదొక్కటే బతుకుదెరువు కాదు. దుకాణాల బోర్డులు రాసేవారు, బండ్లకు, కుర్చీలకు రంగులు, పూల డిజైన్లు వేసేవారు. ఊరూరా తిరిగేవారు. స్థానిక పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చి, ఆ ఊళ్లో కొన్ని వారాలుండి, దొరికిన పని ముగించుకుని ముందుకు సాగేవారు. అమ్మీ ఫిలిప్స్ (1788–1865) కనెటికట్, మసాచుసెట్స్, న్యూయార్క్ రాష్ట్రాల సరిహద్దు ఊళ్లలో యాభై ఏళ్లకు పైగా ఇలా పనిచేశాడు. జాన్ బ్రూస్టర్ జూనియర్ (1766–1854) పుట్టుకతోనే వినికిడి లేనివాడు. చిత్రకారుడిగా స్థిరపడ్డాక 1817లో, 51 ఏళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్‌లో కొత్తగా తెరిచిన బధిరుల పాఠశాలలో మొదటి బ్యాచ్ విద్యార్థిగా చేరాడు. జోసెఫ్ వైటింగ్ స్టాక్ (1815–1855) మీద 11 ఏళ్ల వయసులో ఎడ్లబండి పడి నడుము కింద భాగం చచ్చుబడింది. ఓ డాక్టరు తయారు చేయించిన చక్రాల కుర్చీలో తిరుగుతూ వందల బొమ్మలు వేశాడు. మహిళలూ ఉన్నారు. మసాచుసెట్స్‌లో రూత్ హెన్షా బాస్కమ్ రంగు సుద్దలతో పక్కవాటు ముఖాలు గీసింది.

చదునుగా ఎందుకుంటాయి: ఓ ధరల పట్టీ చెప్పే సంగతి

"బొమ్మలు వేయడం రాదు" అనే మాటను పరీక్షించడానికి విలియం మాథ్యూ ప్రయర్ (1806–1873) ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. మెయిన్ రాష్ట్రంలోని బాత్‌లో పుట్టి, తర్వాత బోస్టన్‌లో స్థిరపడ్డాడు. 1831లో పత్రికలో ఇచ్చిన ప్రకటనలో ఆయన చెప్పింది ఇదీ: చదునైన బొమ్మ కావాలనుకునేవాళ్లకు, వెలుగునీడలు లేకుండా, పావు ధరకే వేసిస్తాను.

అంటే ఒకే మనిషి రెండు సరుకులు అమ్ముతున్నాడు. ముఖంలో గుండ్రదనం, బుగ్గల కింద నీడ, బట్టల మీద మెరుపు ఉన్నది పూర్తి ధర. గీత, రంగు, పోలిక మాత్రమే ఉన్నది పావు ధర. తర్వాతి కాలంలో ఆయన బొమ్మల వెనక అంటించిన చీటీ మీద ధర కూడా ఉంది: సుమారు గంటసేపు కూర్చుంటే చాలు, ఫ్రేము, అద్దంతో కలిపి 2 డాలర్ల 92 సెంట్లు. అప్పట్లో మామూలు కూలీకి రోజుకు డాలర్ అటూ ఇటూగా వచ్చేది. మూడు రోజుల కూలి పెడితే బిడ్డ బొమ్మ గోడ మీదకు వచ్చేస్తుంది. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. పైగా మూడేళ్ల బిడ్డను గంటకు మించి కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి తరం?

ప్రయర్ నీడలు వేసిన బొమ్మలూ ఉన్నాయి. వాటిని, ఈ చదునైన వాటిని పక్కపక్కన పెడితే ఒకే చేతివని నమ్మడం కష్టం. కాబట్టి ఆయన విషయంలో చదునుదనం చేతకానితనం కాదు, ధరకు తగ్గ పనితనం.

అందరి సంగతీ ఇదేనా? కాదు. ఎంతోమంది లిమ్నర్లకు మోచేయి ఎలా వంగుతుందో, కుర్చీలో కూర్చున్న పిల్ల కాళ్లు ఎలా వేలాడతాయో గీయడం నిజంగానే రాలేదు. అరచేతులు తెలిసిపోతాయి. చేతులు వేయడం కష్టం కాబట్టి పువ్వో పుస్తకమో పట్టించి గట్టెక్కడం కొన్ని బొమ్మల్లో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని దాచి, ప్రతి లోపాన్నీ గొప్ప శైలి అనడం కూడా సరికాదు.

మూడో కోణం ఒకటుంది. బోస్టన్‌కు చెందిన గిబ్స్ కుటుంబం పిల్లల బొమ్మలు 1670లో వేసినవి. వేసినవాడి పేరు తెలియదు. నలుపు, తెలుపు గళ్ల నేల గోడలా పైకి లేచినట్టుంటుంది, లేసు అల్లిక మాత్రం ఒక్కో దారం లెక్కపెట్టేలా ఉంటుంది. ఇది ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణి కాలం నుంచి ఉన్న పాత అభిరుచి. ఆ సంప్రదాయంలో బట్ట, నగ, అంచు స్పష్టంగా కనిపించాలి, నీడ వాటిని కప్పేయకూడదు. లండన్ ఆస్థానంలో ఫ్యాషన్ మారిపోయాక కూడా సముద్రం ఇవతల ఆ పద్ధతి నిలిచింది. చేతకాకపోవడం, చవక ధర, పాత అభిరుచి. ఒక్కో బొమ్మలో వీటి పాళ్లు వేరు. ఏ బొమ్మలో ఏది ఎక్కువో చూడకుండా తీర్పు చెప్పలేం.

తలలు తర్వాత వేశారా?

ఈ కథ చెప్పేవాళ్లు ఇలా చెబుతారు: చలికాలంలో దారులు మూసుకుపోతే చిత్రకారుడు ఇంట్లో కూర్చుని గౌన్లు, కోట్లు వేసిన ఒళ్లు గీసిపెట్టుకుంటాడు. వేసవిలో బండెక్కి ఊళ్లు తిరుగుతూ, కొన్నవాళ్ల తలలు వాటి మీద వేస్తాడు. వినడానికి బాగుంది. ఒకే గౌను నలుగురు పిల్లల మీద ఎందుకుందో కూడా చెప్పేస్తుంది. అందుకే తరాల తరబడి నిలిచింది. కానీ పరిశోధకులు ఎంత వెతికినా దీన్ని నిలబెట్టే ఆధారం దొరకలేదు.

మరి ఫిలిప్స్ ఎర్ర గౌను సంగతేంటి? అలాంటి ఎర్ర గౌను, దాని కింద పైజామా లాంటి తెల్ల పాంటలెట్లు, పగడాలు, కుక్క ఉన్న పిల్లల బొమ్మలు ఆయనవి నాలుగు తెలుసు. వాటిని జాగ్రత్తగా చూస్తే ఒళ్లు ఒకటే కాదు. చేతులు ఉన్న తీరు, కూర్చున్న వాటం, పట్టుకున్న వస్తువు మారుతుంటాయి. ఆయన నకలు చేసింది కాన్వాసును కాదు, తన బుర్రలో ఉన్న నమూనాను. ఒక డిజైన్ జనానికి నచ్చింది, వేయడం అలవాటైంది, చేయి వేగంగా కదులుతుంది. ఆ గౌను నిజంగా ఆ ఇంటిదా, చిత్రకారుడి ఊహలోదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. పిల్లలు దాన్ని తొడుక్కుని కూర్చున్నారని చెప్పడానికీ, కూర్చోలేదని చెప్పడానికీ బొమ్మ ఒక్కటే చాలదు.

తర్వాత చేర్చిన సంగతులు అసలు లేవని కాదు. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆర్ట్ మ్యూజియంలో ఎలిజబెత్ ఫ్రీక్ అనే తల్లి, ఆమె ఒళ్లో పాప మేరీ ఉన్న ప్రసిద్ధ చిత్తరువు ఉంది. ఎక్స్-రే తీస్తే అసలు సంగతి బయటపడింది. 1671 ప్రాంతంలో వేసినప్పుడు ఆమె ఒంటరిగా ఉంది. 1674లో పాప పుట్టాక చిత్రకారుణ్ని మళ్లీ పిలిపించి, తల్లి చేతుల తీరు మార్పించి, ఒళ్లో బిడ్డను వేయించారు. తలలేని ఒళ్ల కథ కంటే ఇది నాకు ఎన్నో రెట్లు విలువైనది. చిత్తరువు ఆ ఇంట్లో ఒక్కసారి ముగిసిపోయే వస్తువు కాదని, కుటుంబంతో పాటు మార్చుకునే రికార్డని ఇది చూపిస్తోంది.

గౌనులో ఉన్నది అబ్బాయి కావచ్చు

ఈ బొమ్మల ముందు చూసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ కాలంలో మగపిల్లలు కూడా నాలుగు నుంచి ఏడేళ్ల దాకా గౌన్లే వేసుకునేవారు. ఆ తర్వాతే మొదటిసారి ప్యాంటు. అది ఇంట్లో చిన్న వేడుక లాంటిది. మరి అబ్బాయెవరో, అమ్మాయెవరో ఎలా పోల్చాలి? పాపిడి చూస్తారు. పక్కపాపిడి అయితే అబ్బాయి, నడిమిపాపిడి అయితే అమ్మాయి అనేది 19వ శతాబ్దపు బొమ్మల్లో చాలావరకు పనికొచ్చే గుర్తు. చేతిలో ఏముందో చూస్తారు. కొరడా, సుత్తి, చెక్క గుర్రం, దొర్లించే చక్రం అబ్బాయిలకి. ఆడుకునే బొమ్మ, పూలు, పళ్ల బుట్ట, పిల్లి అమ్మాయిలకి. ఇవి నియమాలు కావు, మొగ్గు మాత్రమే. పువ్వు పట్టుకున్న అబ్బాయిలు కావలసినంతమంది ఉన్నారు.

దీనికి ముడిపడిన పెద్ద చర్చ ఒకటుంది. 17వ శతాబ్దంలో పిల్లల్ని "చిన్న సైజు పెద్దవాళ్లు"గా చూశారని, బాల్యం అనే భావనే తర్వాత వచ్చిందని ఒక వాదన. 1670 నాటి పిల్లలు బిగుసుకుపోయిన ముఖాలతో, పెద్దల్లాంటి బట్టలతో నిలబడటాన్ని దానికి సాక్ష్యంగా చూపిస్తారు. ఎదుటి వాదన అదే బొమ్మను మరింత దగ్గరగా చూడమంటుంది. నాలుగున్నరేళ్ల రాబర్ట్ గిబ్స్ వేసుకున్నది నిలువు గౌను. భుజాల వెనక గౌనుకు కుట్టిన ఖాళీ చేతులు వేలాడుతుంటాయి. ఇలా వేలాడే చేతులు పిల్లల బట్టలకు గుర్తు, పెద్దమనిషి వేసుకోడు. అంటే ఇతను బిడ్డ అని బొమ్మ స్పష్టంగా చెబుతోంది. నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. బిగుసుకున్న నిలుచునే తీరుకు వేరే కారణాలున్నాయి. వంగకుండా నిటారుగా ఉండటం మంచి పెంపకానికి గుర్తని ఆ సమాజం నమ్మింది.

18వ శతాబ్దం చివరికి యూరప్ తత్వవేత్తలు లాక్, రూసోల ఆలోచనలు పుస్తకాల ద్వారా, పాస్టర్ల మాటల ద్వారా మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. ఆట పిల్లలకు అవసరం, అది పాపం కాదు అన్న భావన వచ్చింది. దాంతో బొమ్మల్లోకి ఆటవస్తువులు, పెంపుడు జంతువులు ఎక్కువగా వచ్చాయి. బ్రూస్టర్ 1807లో వేసిన ఓ చిన్నపిల్ల ఒక కాలి బూటు విప్పేసి నిలబడి ఉంటుంది. నూటయాభై ఏళ్ల ముందు అలాంటి బొమ్మకు ఏ తండ్రీ డబ్బులిచ్చేవాడు కాదనుకుంటాను.

పగడాల గురించి ఒక మాట. పిల్లలకు పగడం రక్ష అని యూరప్‌లో చాలా పాత నమ్మకం. వలస వచ్చినవాళ్లు దాన్ని వెంట తెచ్చుకున్నారు. మన ఇళ్లలో పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టే, అక్కడ మెడలో ఎర్ర పగడాలు వేసేవారు. పళ్లొచ్చే వయసులో కొరుక్కోవడానికి వెండి గిలక్కాయకు పగడపు పిడి పెట్టించేవారు. 1830ల నాటికి నమ్మకం పాళ్లు తగ్గి, అందం కోసం వేయడమే ఎక్కువై ఉండవచ్చు.

చనిపోయిన పిల్లల బొమ్మలేనా?

ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన ప్రశ్న కాదు. అప్పట్లో ఏ ఇంట్లోనైనా పసిబిడ్డల చావు ఊహించని సంగతి కాదు. మశూచి, స్కార్లెట్ జ్వరం, విరేచనాలు ఇంటిల్లిపాదినీ చుట్టేసేవి. చనిపోయిన బిడ్డ పోలిక నిలుపుకోవాలని చిత్రకారుణ్ని పిలిపించేవారన్న దానికి గట్టి ఆధారాలున్నాయి. జోసెఫ్ స్టాక్ 1832 నుంచి 1846 దాకా రాసుకున్న పని పుస్తకంలో తొమ్మిది వందలకు పైగా బొమ్మల వివరాలున్నాయి. వాటిలో కొన్ని శవాన్ని చూసి వేసినవని ఆయనే రాసుకున్నాడు. ప్రయర్ తాను ఆత్మల సాయంతో, చూడకుండానే చనిపోయినవారి పోలికలు వేయగలనని చెప్పుకున్నాడు. శిక్షణ పొందిన చార్లెస్ విల్సన్ పీల్ 1772లో మశూచితో పోయిన తన సొంత కూతురు మార్గరెట్‌ను దిండు మీద పడుకోబెట్టి ఉన్నట్టే వేశాడు. తర్వాత పక్కన ఏడుస్తున్న భార్య రేచల్‌ను చేర్చాడు. ఆ బొమ్మను ఇంట్లో తెర చాటున ఉంచేవాడు. అది ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పీల్‌లా నేరుగా చూపినవి అరుదు. ఎక్కువ కుటుంబాలు బిడ్డను కళ్లు తెరిచి, బతికున్నట్టే చూడాలనుకున్నాయి. అప్పుడు బతికుండగా వేసిందేదో, పోయాక వేసిందేదో తేల్చడం ఎలా? కొందరు పరిశోధకులు గుర్తులు చెబుతారు: నేల రాలిన గులాబీ, తలకిందులుగా పట్టుకున్న పువ్వు, వెనక కొమ్మలు కిందికి వాలిన విల్లో చెట్టు, విప్పేసిన బూటు, దారం కట్టిన పిట్ట. ఇంకొందరు అక్కడే ఆపుతారు. ఇవే గుర్తులు బతికున్న పిల్లల బొమ్మల్లోనూ ఉన్నాయి, పువ్వు పట్టుకున్న ప్రతి బిడ్డా పోయినట్టేనా అంటారు.

ఒక కేసు తీసుకుందాం. గొలుసు కట్టిన ఉడత, దారం కట్టిన పిట్ట శరీరంలో బందీ అయిన ఆత్మకు గుర్తని కొందరు చదువుతారు. కోప్లీ 1765లో తన సవతి తమ్ముడు హెన్రీ పెల్హామ్‌ను గొలుసు కట్టిన ఎగిరే ఉడతతో వేశాడు. ఆ అబ్బాయి నిక్షేపంగా పెరిగి పెద్దవాడై, చెక్కుడు చిత్రాలు చేసే కళాకారుడై, 1806 దాకా బతికాడు. చిన్న జంతువును మచ్చిక చేసి కట్టుకోవడం పిల్లలు నిజంగా ఆడుకున్న ఆట. ఓర్పు, అదుపు నేర్పే పద్ధతిగా పెద్దలు దాన్ని మెచ్చుకునేవారు. గుర్తు ఒక్కటే సాక్ష్యం కాదని చెప్పడానికి ఈ ఒక్క బొమ్మ చాలు.

మరి సాక్ష్యం ఏది? కుటుంబ బైబిల్లో రాసుకున్న పుట్టిన, పోయిన తేదీలు, సమాధి రాయి, చిత్రకారుడి పని పుస్తకం. బొమ్మ వేసిన తేదీని వీటితో సరిచూడాలి. తేదీలు కలిస్తే, గుర్తులు కూడా ఉంటే, అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. బిడ్డ పేరే తెలియని బొమ్మల్లో ఆ అవకాశమే లేదు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో, ఎర్ర కుర్చీలో తల వాల్చి కళ్లు మూసుకున్న పసిబిడ్డ బొమ్మ ఒకటుంది. నిద్రపోతోందని కొందరు, పోయాక వేసిందని కొందరు. వేసినవాడూ తెలియదు, బిడ్డా తెలియదు. అలాంటి చోట ఏదో ఒకటి తేల్చిపారేయడం కంటే రెండు మాటలూ పక్కపక్కన ఉంచడమే నిజాయితీ.

చావు ఇంకో దారిలోనూ ఈ బొమ్మల్లోకి వస్తుంది. ఎరాస్టస్ సాలిస్‌బరీ ఫీల్డ్ 1839లో వేసిన జోసెఫ్ మూర్ కుటుంబ చిత్రం బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. మూర్ చలికాలంలో టోపీలు చేసేవాడు, వేసవిలో ఊళ్లు తిరిగి పళ్ల వైద్యం చేసేవాడు. బొమ్మలో నలుగురు పిల్లలున్నారు. ఇద్దరే ఆ దంపతుల బిడ్డలు. మిగతా ఇద్దరూ అప్పుడే కన్నుమూసిన మూర్ భార్య అక్కచెల్లెలి పిల్లలు. తల్లి పోయిన పిల్లల్ని తమ పిల్లల పక్కనే నిలబెట్టి బొమ్మ వేయించారు. నేల రాలిన గులాబీ కోసం వెతకడం కంటే ఇలాంటి సంగతి తెలుసుకోవడం నాకు ముఖ్యం అనిపిస్తుంది.

ఎవరి పిల్లలు కనిపించరు

ఇన్ని బొమ్మల్లో బానిసలుగా ఉన్న కుటుంబాల పిల్లలకు సొంత చిత్తరువు దాదాపు లేదు. కనిపిస్తే వేరొకరి బొమ్మలో, అంచున కనిపిస్తారు. మేరీలాండ్‌లో సుమారు 1710లో జస్టస్ ఎంగెల్‌హార్ట్ కూన్ అనే జర్మన్ చిత్రకారుడు హెన్రీ డార్నల్ అనే సంపన్న బాలుణ్ని వేశాడు. అతని వెనక చనిపోయిన పిట్టను పట్టుకుని ఒక నల్లజాతి అబ్బాయి ఉంటాడు, మెడకు వెండి పట్టీ ఉంటుంది. అమెరికా వలస కాలపు చిత్రాల్లో నల్లజాతి మనిషి కనిపించే తొలి బొమ్మల్లో అది ఒకటి. డార్నల్ పేరు బొమ్మతో పాటు మిగిలింది. ఆ అబ్బాయి పేరు మిగల్లేదు.

జాషువా జాన్సన్ కథను దీని పక్కన పెట్టాలి. బాల్టిమోర్‌లో 1790ల నుంచి 1820ల దాకా పనిచేసిన ఈయన, తెలిసినంతవరకు, అమెరికాలో చిత్తరువులు వేసి బతికిన తొలి ఆఫ్రికన్ అమెరికన్. 1798లో పత్రికలో ఇచ్చిన ప్రకటనలో తనను తాను సొంతంగా నేర్చుకున్న ప్రతిభావంతుడిగా చెప్పుకున్నాడు, చదువుకు ఎన్నో అడ్డంకులు ఎదురయ్యాయన్నాడు. ఆ అడ్డంకులేమిటో 1990లలో బయటపడ్డ కాగితాలు చెప్పాయి. బానిస తల్లికి, శ్వేతజాతి తండ్రికి పుట్టాడు. 1764లో తండ్రే అతణ్ని కొన్నట్టు పత్రం ఉంది. 1782 నాటి విడుదల పత్రం ప్రకారం, కమ్మరి దగ్గర పని నేర్చుకోవడం పూర్తవడమో, 21 ఏళ్లు నిండడమో, ఏది ముందైతే అప్పుడు స్వేచ్ఛ. ఆయనవని చెప్పే బొమ్మలు సుమారు 80 ఉన్నాయి. సంతకం ఉన్నది ఒక్కటే. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న "వెస్ట్‌వుడ్ పిల్లలు" (సుమారు 1807) వాటిలో పేరున్నది: ఒకే రకం ఆకుపచ్చ సూట్లలో ముగ్గురు అన్నదమ్ములు, పక్కన పిట్టను నోట కరుచుకున్న నల్ల కుక్క. గుర్రపు బండ్లు తయారుచేసే వ్యాపారి కొడుకులు వాళ్లు.

ఉత్తరాన పరిస్థితి కొంత మారింది. ప్రయర్ బానిసత్వాన్ని వ్యతిరేకించే వర్గాలకు దగ్గరి మనిషి. 1854లో బోస్టన్ పక్కనున్న చెల్సీలో స్వతంత్ర నల్లజాతి కుటుంబానికి చెందిన ముగ్గురు కోప్లండ్ అక్కచెల్లెళ్లను వేశాడు. మంచి బట్టలు, నగలు, ఒకరి చేతిలో పుస్తకం. దక్షిణాదిలో చాలాచోట్ల బానిసలకు చదువు చెప్పడం నేరమైన రోజులవి. ఆ పుస్తకం అక్కడ ఊరికే లేదు.

కెమెరా వచ్చాక

1839లో పారిస్‌లో డాగెరోటైప్ అనే తొలి ఫొటో పద్ధతి గురించి ప్రకటించారు. కొద్ది ఏళ్లలోనే అమెరికా ఊళ్లలో ఫొటో స్టూడియోలు వెలిశాయి. మొదట్లో ఫొటోకు రంగు లేదు, సైజు ఎక్కువగా అరచేతికి మించదు, కదిలితే ముఖం చెదిరిపోతుంది. పిల్లల విషయంలో కుంచెకు ఇంకా కొంతకాలం పైచేయి ఉండటానికి అదే కారణం. తర్వాత కుంచె పనికి గిరాకీ పడిపోయింది. ఫీల్డ్ తానే ఫొటోలు తీయడం నేర్చుకుని, ఫొటో చూసి బొమ్మలు వేశాడు.

ఇది జానపద కళేనా?

ఈ బొమ్మలు దాదాపు అరవై డెబ్బై ఏళ్లు అటకల మీద పడి ఉన్నాయి. వాటిని మళ్లీ వెతికి తెచ్చింది చరిత్రకారులు కాదు, 20వ శతాబ్దపు ఆధునిక చిత్రకారులు. వాళ్లే చదునైన రంగులతో, సరళమైన ఆకారాలతో ప్రయోగాలు చేస్తున్నారు, ఆ చూపుకు ఈ పాత బొమ్మలు తమ పూర్వీకుల్లా కనిపించాయి. 1924లో న్యూయార్క్‌లోని విట్నీ స్టూడియో క్లబ్‌లో ప్రదర్శన జరిగింది. హోల్గర్ కేహిల్ 1930లో న్యూవార్క్ మ్యూజియంలో, 1932లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పెద్ద ప్రదర్శనలు పెట్టాడు. వీటిని సామాన్యుడి కళ అన్నాడు. జానపద కళ అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

తర్వాత అభ్యంతరాలొచ్చాయి. జానపద సంస్కృతిని చదివే పండితులు ఇలా అడిగారు: జానపద కళ అంటే ఒక సమూహం తరతరాలుగా తమలో తాము నేర్పుకుంటూ వచ్చేది. ఈ లిమ్నర్లు డబ్బు తీసుకుని, లండన్ ఫ్యాషన్‌ను అందుకోవాలని చూసిన వృత్తి చిత్రకారులు. వాళ్లను జానపదులని ఎలా అంటాం? జాన్ మైకేల్ వ్లాచ్ వీటికి సాదా చిత్రాలన్న పేరు సూచించాడు. కేహిల్ మార్గంలో నడిచే సంగ్రాహకులు, మ్యూజియాలు మాత్రం ఈ బొమ్మల ధైర్యమైన రంగు, ఆకారం వాటికవే ఒక సంప్రదాయం అంటారు.

పేరు తెలియని చేతుల్ని గుర్తించే పని కూడా ఈ వాదనను కదిలించింది. 1924లో కనెటికట్‌లోని కెంట్ ఊరి సంతలో కొన్ని బొమ్మలు బయటపడితే, వేసినవాడికి కెంట్ లిమ్నర్ అని పేరు పెట్టారు. అంతకంటే పాత, లేత రంగుల బొమ్మలు వేసిన ఇంకొకరిని బార్డర్ లిమ్నర్ అన్నారు. బార్బరా, లారెన్స్ హోల్డ్రిడ్జ్ దంపతులు, మేరీ బ్లాక్ కలిసి సంతకాలు, పాత కాగితాలు పరిశీలించి 1960లలో ఈ ఇద్దరూ ఒక్కరేనని, అతను అమ్మీ ఫిలిప్స్ అని తేల్చారు. మారని సంప్రదాయాన్ని పట్టుకున్న మనిషి అయితే ఇంత మారడు. మారుతున్న ఫ్యాషన్‌ను గమనిస్తూ, గిరాకీని బట్టి తన పద్ధతిని పదేళ్లకోసారి తిరగరాసుకున్నాడు. ఇక్కడ వ్లాచ్ మాటే గట్టిగా నిలుస్తుంది.

కానీ ప్రయర్ దగ్గరికి వస్తే ఏ పేరూ పూర్తిగా సరిపోదు. నీడలు వేయడం వచ్చి కూడా పావు ధరకు చదునుగా వేసినవాణ్ని శిక్షణ లేనివాడు అనలేం. గంటలో ముగించిన 2 డాలర్ల 92 సెంట్ల బొమ్మను అకడమిక్ చిత్రమనీ అనలేం. అతని విషయంలో మ్యూజియం పలక మీద జానపద చిత్రకారుడు అని రాయడానికి బదులు, ధర, పట్టిన సమయం, ఏ రకం బొమ్మో రాస్తే చూసేవాళ్లకు ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం.